వెనక్కి చూడకుండా నడిచిన వీధి

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధిని నేను నడిచినంతగా ఎవరూ నడిచి ఉండరు. గొప్ప కోసం చెప్పడం లేదు, నా పని అలాంటిది. మా నాయన జమ్మలమడుగులో పౌరోహిత్యం చేసేవాడు. నేను ఆ పనినే ప్రొద్దుటూరుకు తెచ్చుకుని అంగళ్లకు పూజలు చేయిస్తూ బతికాను. శుక్రవారం వస్తే లక్ష్మీపూజలు, అమావాస్య వస్తే దిష్టి గుమ్మడికాయలు. ఒక అంగడి మెట్లెక్కి దిగడం, పక్క అంగడి మెట్లెక్కడం. గడప గడపకూ చెప్పులు విప్పి తొడుక్కోవడం విసుగై, మొదటి అంగట్లోనే వాటిని వదిలేసి వీధంతా వట్టికాళ్లతో తిరిగేవాణ్ణి. ఎక్కడ బండ కదులుతుందో, ఎక్కడ కాలువకు మూత లేదో నా అరికాళ్లకు తెలుసు.

ఆ వీధిలో లేనిదల్లా నడవడానికి జాగా. ప్రతి అంగడీ తన మెట్లను కాలువ దాటించి రోడ్డు మీదికి జరుపుకుంది. మెట్ల ముందు కొనడానికి వచ్చినవాళ్ల మోటారు సైకిళ్లు, వాటి ముందు అంగడి బోర్డు. బట్టల అంగళ్లవాళ్లయితే చీరలు కట్టిన బొమ్మలను కూడా బయటికి తెచ్చి పందిరి కింద నిలబెట్టేవాళ్లు. ఆ బొమ్మలకు దొరికిన నీడ మనుషులకు దొరికేది కాదు. నడిచేవాళ్లు బండ్లకూ ఆటోలకూ నడుమ, ఒక మనిషి పట్టే సందులో, ఒకరి వెనక ఒకరు పోవలసిందే. వెనక బస్సు హారన్ కొడితే పక్కకు జరుగుదామన్నా పక్క అనేది ఉండదు.

నేనూ నా భార్యా ఎప్పుడు ఆ వీధికి పోయినా నేను ముందు, ఆమె వెనక. పెళ్లయిన నాటి నుంచి అంతే. ఆ వీధిలో ఆమె నాతో చెప్పిన మాటలన్నీ నేను వీపుతోనే విన్నాను. ఆమెది పులివెందుల. పుట్టింటి మీద ఈగ వాలనివ్వదు.

"ఏందండీ, ఎవరో తరుముతాండినట్ల పోతాండారు? మా పులివెందులలో అయితే నలుగురు వరసగా మాట్లాడుకుంటా పోవచ్చు."

"అయితే ఆడికే పోయి నడువు పో" అని నేను ముందుకు చూస్తూనే అనేవాణ్ణి. వెనక నవ్వు వినిపించేది. నవ్వు వినిపిస్తే ఆమె వస్తున్నట్టే లెక్క, తిరిగి చూడవలసిన పని లేదు.

ఇక అమావాస్య సంగతి చెప్పాలి. ఆ రోజు పొద్దున అంగడి తెరవగానే బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, గడప ముందు మూడు సార్లు తిప్పి, రోడ్డు మీద పగలగొడతారు. లోపల కుంకుమ నింపి ఉంటుంది కాబట్టి ముక్కలు ఎర్రగా చెదురుతాయి. పగిలాక రెండు నియమాలు. ఒకటి, ఆ ముక్కల్ని అంగడివాళ్లు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పోయిన దిష్టి తిరిగి వస్తుంది. రెండు, కొట్టినవాళ్లు వెనక్కి చూడకూడదు. మా నాయన నాకు చెప్పాడు, నేను వీధికంతా చెప్పాను. నా మాట మీద ఆ వీధి ఎన్నో ఏళ్లు నడిచింది. ముక్కలు మాత్రం రోడ్డు మీద ఉండిపోయేవి. ఆవులు తిన్నంత తినేవి, మిగిలింది బండ్ల చక్రాల కింద నలిగి జిగటగా అయ్యేది. మున్సిపాలిటీ చీపురు మరుసటి రోజు పొద్దునకు గానీ వచ్చేది కాదు.

అలాంటి ఒక అమావాస్య నాడు నా భార్య కూడా వీధికి వచ్చింది. ఆమె కళ్లద్దాల కాడ ఒకటి ఊడిపోయి దారం కట్టుకుని తిరుగుతోంది. నా పని అయ్యాక ఇద్దరం కళ్లద్దాల అంగడికి పోవాలని అనుకున్నాం. చివరి పూజ వీధిలోకెల్లా పెద్ద నగల అంగట్లో. ఆ షావుకారు నాకు పాత స్నేహితుడు. ఆయన అంగట్లో రోజూ నాకు ఒక కాఫీ ఉండేది. ఆమె బయట పందిరి కింద నిలబడింది. నేను షావుకారు దగ్గర ముందే సెలవు తీసుకుని, గుమ్మడికాయ తిప్పి పగలగొట్టి, వెనక్కి చూడకుండానే "పద" అని నడక మొదలుపెట్టాను.

వెనక దబ్బున చప్పుడైంది. "అమ్మా" అని ఒక్క మాట వినిపించింది. అది ఆమె గొంతు. నాకు తెలిసింది.

నేను ఆగలేదు. కాయ కొట్టాక వెనక్కి చూడకూడదు. ఆ నియమం నా మెడను పట్టుకుంది. నాలుగు అడుగులు ముందుకు వేశాను. నాలుగే, లెక్కపెట్టినట్టు గుర్తుంది. ఎవరో "సామీ, అమ్మగారు పడిపోయినారు" అని అరిచాక తిరిగాను. మెట్ల ముందు బండ్లు అడ్డంగా ఉంటే ఆమె వాటిని తప్పించుకుని రోడ్డులోకి దిగింది. కాలు నేను కొట్టిన కాయ మీదే పడింది. చీర అంచుకు కుంకుమ అంటుకుంది. నేను దాన్ని నెత్తురనుకుని కండువాతో అదిమి పట్టాను.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. తర్వాత మంచమూ వాకరూ. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరమే. ఆ నాలుగు అడుగుల సంగతి ఆమెకు చెప్పేశాను. దాచుకుని బతకడం నా వల్ల కాలేదు. ఆమె దుప్పటిని కాళ్ల మీదికి లాక్కుంది. తర్వాత, "నాలుగే కదా, పోనీలేండి" అంది. అంతకంటే తిట్టి ఉంటే నాకు బాగుండేది.

కళ్లద్దాలు నేను బాగు చేయించుకొస్తానంటే ఒప్పుకోలేదు. "నా చెవులకు సరిపోయేటట్ల బిగించాల. నేనే వస్తా. ఆ వీధిని ఏదన్నా చేయించండి ముందు, మనిషి నడిచేటట్ల" అంది. ఆమె నన్ను కోరిన కోరికలు తక్కువ. పెళ్లయ్యాక అది మూడోదో నాలుగోదో.

అర్జీ రాసుకుని మున్సిపల్ ఆఫీసుకు పోయాను. ఆ వీధిని బాగుచేసే పని అప్పటికే వాళ్ల చేతిలో ఉంది. ఒక ఇంజనీరమ్మ అంగళ్లవాళ్లందరినీ పిలిచి మీటింగు పెట్టింది. గోడకు పటం తగిలించి చూపించింది. మెట్లు వెనక్కి పోతాయి, కాలువకు మూతలు పడతాయి, దాని మీద ఇద్దరు పక్కపక్కన నడిచేంత ఫుట్‌పాత్ వస్తుంది, బండ్లకు వీధి చివర వేరే జాగా. అంగళ్లవాళ్లు మొదట గోల చేశారు. బండి వాకిట్లో లేకపోతే కొనేవాడు రాడన్నారు. ఆడవాళ్లు భయం లేకుండా నడవగలిగితే ఇంకో రెండు అంగళ్లు ఎక్కువ చూస్తారని ఇంజనీరమ్మ ఓపికగా చెప్పింది. అది వాళ్లకు నచ్చింది.

అప్పుడు నేను లేచాను. "గుమ్మడికాయ ముక్కలు కూడా ఎత్తేయాల. కొట్టించినోళ్లే ఎత్తాల" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. షావుకారు మెల్లగా అన్నాడు, "సామీ, ముట్టుకోగూడదని మాకు చెప్పింది మీరే గదా."

"నేనే చెప్పినా. ఇప్పుడు ఎత్తమని నేనే చెప్తాండా."

"మీ ఇంట్లో జరిగిందానికి మాకూ శానా బాధగానే ఉండాది. అట్లని మా అంగడికి దిష్టి తగలనిస్తామా?"

నా నోటికి అదుపు తక్కువ. "దిష్టి కాదప్పా, నీ మెట్లు తగిలినాయి నా పెండ్లానికి" అన్నాను. ఆ రోజు నుంచి కాఫీ లేదు.

మరుసటి అమావాస్యకు ఒక గంప తీసుకుపోయాను. వాళ్లు ఎత్తకపోతే నేనే ఎత్తుతానని మొండిపట్టు. మొదటి అంగడి ముందు కాయ కొట్టి, వంగి, ముక్కలన్నీ ఏరి గంపలో వేసుకుని, ఆ జాగాలో చెంబెడు నీళ్లు పోసి కడిగి, రెండో అంగడికి పోయాను. ఆ అంగడాయన గంపకేసి అనుమానంగా చూశాడు.

"ఏంది సామీ అందులో?"

"పక్క అంగడి కాయ."

"పక్కోళ్ల దిష్టిని మోసుకొచ్చి మా గడపలో పెడతాండారా!"

నేను నేర్పిన శాస్త్రం ప్రకారం ఆయన అన్నది నూటికి నూరు పాళ్లు సరి. మూడో అంగడాయన నన్ను మెట్లే ఎక్కనివ్వలేదు. ఆ పై నెలకు ఎర్రగుంట్ల వైపు నుంచి ఒక కుర్ర పురోహితుడు మోటారు సైకిల్ మీద వచ్చి వీధంతా గంటలో ముగించుకుపోయాడని విన్నాను. నా ఫోను మూగబోయింది. ఇంటికొచ్చి చెబితే నా భార్య మంచంలో పడి పడి నవ్వింది.

"మీకే దిష్టి తగిలినట్లుండాది" అంది.

నేనూ నవ్వాను గానీ లోపల ఏడుపొచ్చింది. వీధి అంటే నాకు సంపాదన ఒక్కటే కాదు. పొద్దున లేస్తే "రాండి సామీ" అని పిలిచే గొంతులు నాకు అక్కడే ఉండేవి.

ఎండాకాలంలో జేసీబీ వచ్చి మెట్లు కొట్టడం మొదలైంది. పని లేనివాణ్ణి కదా, పొద్దంతా పోయి దుమ్ములో నిలబడి చూసేవాణ్ణి. సాయంత్రం ఇంటికి పోగానే ఆమె అడిగేది, "ఈ పొద్దు ఎవరి మెట్లు పోయినాయి?" నేను వరసగా చెప్పేవాణ్ణి. వెండి అంగడివి, చీరల అంగడివి, స్వీట్ల అంగడివి. బొమ్మల్ని లోపలికి జరుపుకున్నారని చెబితే, "పాపం, ఎండకు తట్టుకోలేక పోయింటాయి" అనేది. వాకర్ పట్టుకుని గుమ్మం దాకా నడవడం సాధన చేసేది. ఫుట్‌పాత్ తయారయ్యేసరికి తనూ తయారవుతానని పందెం కాసింది. ఆ రెండు నెలలూ మా ఇంట్లో అంత కబుర్లు ఎప్పుడూ నడవలేదు. నేను ఆమె మొహం చూస్తూ మాట్లాడడం కూడా అప్పుడే నేర్చుకున్నాను.

వానలు మొదలైన వారంలో ఆమెకు జ్వరం వచ్చింది. ఊపిరితిత్తులకు నెమ్ము పట్టిందన్నారు. కడప ఆసుపత్రికి తీసుకుపోయాను. నాలుగో రోజు ఆమె పోయింది.

కర్మలన్నీ అయ్యాక మళ్లీ వీధికి పోయాను. ఇంట్లో ఉండలేకపోయాను, అదే కారణం. ఆ రోజు షావుకారు అంగడి మెట్లు కొట్టేస్తున్నారు. ఆమె పడిన చోటున్న మెట్లు. చివరి రాయి లేచేదాకా నిలబడి చూసి, ఆమెకు చెప్పాలని గబగబా ఇంటికి వచ్చి తాళం తీశాను. గుమ్మంలో నిలబడ్డాక గానీ గుర్తు రాలేదు. ఆ వార్తను ఎవరికి చెప్పాలో తెలియక బయటి అరుగు మీదే కూర్చున్నాను.

ఇప్పుడు ఆ వీధి చూడముచ్చటగా ఉంది. అబద్ధం చెప్పను. నల్లటి బండలు పరిచారు, అక్కడక్కడా కూర్చోవడానికి బల్లలు వేశారు. బండ్లు వీధి చివరకు పోయాయి. జమ్మలమడుగు నుంచి, లింగాల నుంచి పెళ్లి నగలకు వచ్చిన ఆడవాళ్లు సంచులూపుకుంటూ కబుర్లాడుకుంటూ నడుస్తారు. గుమ్మడికాయను కూడా ఇప్పుడు రోడ్డు మీద కొట్టరు. నా మాట విని కాదు. కొత్త బండల మీద కుంకుమ మరకలు పడతాయని! వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో కొట్టి, తొట్టితో సహా ఎత్తుకుపోయి చెత్తబండిలో వేస్తారు. ఒక మనిషి తుంటి విరిగితే కదలని శాస్త్రం బండ మరకకు కదిలింది. మొదట్లో అది చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. ఎందుకైతేనేం, ఇంకెవరూ జారి పడరు.

మొన్న అమావాస్య నాడు ఆమె కళ్లద్దాలను జేబులో వేసుకుని బయలుదేరాను. కళ్లద్దాల అంగడి అతను దారం విప్పి కొత్త కాడ బిగించి, "పెట్టుకునే వాళ్లు వచ్చింటే సరిచూసేవాణ్ణి" అన్నాడు. పరవాలేదన్నాను. వాటిని మళ్లీ జేబులో పెట్టుకుని ఫుట్‌పాత్ మీద వెనక్కి వస్తున్నాను. ఈ మధ్య నాకొక అలవాటైంది. నాలుగు అడుగులకొకసారి ఆగి వెనక్కి చూస్తాను. ఎప్పుడు మొదలైందో తెలియదు.

షావుకారు అంగడి ముందు అప్పుడే కాయ కొట్టారు. కుర్ర పురోహితుడు వెనక్కి చూడకుండా లోపలికి పోయాడు. షావుకారు తొట్టి పక్కన నిలబడి ఉన్నాడు. అంత కాలానికి నన్ను చూసి తనే పలకరించాడు.

"రాండి సామీ, కాఫీ తాగుదురు."

"ఇంకో రోజు వస్తాలేప్పా" అని, అలవాటు కొద్దీ ఆగి వెనక్కి చూశాను. ఆయన కూడా నా చూపు పోయిన వైపు చూశాడు.

"ఎవరన్నా వస్తాండారా సామీ?"

"లేదప్పా. ఎవరూ రావడం లేదు" అన్నాను.

జేబులో కళ్లద్దాలను ఒకసారి తడిమి చూసుకుని, నా పక్కన, అంగళ్ల వైపు, ఒక మనిషి నడిచేంత జాగా వదిలి, ఇంటి దారి పట్టాను.