పరుపు దారిలో టైపు మిషను

ఆ రోజుల్లో సైకిలున్న కుర్రవాడికి నేల మీద నడిచేవాళ్లంటే కొంచెం జాలి ఉండేది. అందరికీ ఉండేదో లేదో చెప్పలేను, నాకు మాత్రం ఉండేది. యాభైల్లో ఎమ్మిగనూరులో ఒక పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరేనాటికి నాకు ఇరవై ఏళ్లు. పల్లెలు తిరిగి చేలల్లో పత్తి ఎట్లా ఉందో చూసి వచ్చి సేటుకు చెప్పడం నా పని. ఆ పనికి సేటు ఒక సైకిలు ఇచ్చాడు. రెండేళ్లు తిరిగేసరికి ఎమ్మిగనూరుకూ ఆదోనికీ మధ్య బస్సు పోయే పెద్ద దారి ఒక్కటే కాక, బండ్ల బాటలు, గొర్రెల బాటలు, వంకల వెంబడి కాలిబాటలు అన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. ఒక నోటుపుస్తకంలో పెన్సిలుతో వాటిని గీసుకున్నాను కూడా. ఎక్కడ తియ్యనీళ్ల బావి ఉంది, ఏ ఊరి కుక్కలు పిక్కలకే గురిపెడతాయి, ఏ గుట్ట పక్క పొద్దు ఎక్కినా నీడ ఉంటుంది, అన్నీ అందులో ఉండేవి. (ఆ పుస్తకం ఎవరూ అడగలేదు. అయినా అందరికీ చూపించేవాణ్ణి.) మండీలో నన్ను ‘సర్వేయరు’ అని పిలిచేవాళ్లు. అది వెక్కిరింపని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అప్పట్లో మా మేనత్త ఇంట్లో ఉండి, ఆమె పెట్టిన జొన్నరొట్టె తింటూ పనికి పోయేవాణ్ణి. మామ గుంటమగ్గం మీద చీరలు నేసేవాడు. మా బావ ఆయనకు ఒక్కడే కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. తెల్లారింది మొదలు గుంటలో కాళ్లు పెట్టి కూర్చునే బతుకు కొడుక్కి వద్దని మామ పట్టుదల. అందుకే బావను టైపు నేర్చుకోవడానికి పంపాడు. ఆదోనిలో ఒక పత్తి మిల్లు ఆఫీసులో టైపిస్టు పని ఖాళీ ఉంది. లోయరు పరీక్ష ఈ తడవ పాసై వస్తే ఆ కుర్చీ నీదేనని అక్కడి మేనేజరు బావకు మాట ఇచ్చాడు. పాసు కాకపోతే ఇంకొకరికి. ఆ కుర్చీని మా ఇంట్లో ఎవరూ చూడలేదు గాని, దానికి చేతులున్నాయా లేవా అని అత్త ఒకటి రెండుసార్లు అడిగింది.

టైపు పరీక్షకు అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరి మిషను వాళ్లు తెచ్చుకోవాలి. పరీక్ష ఆదోనిలో. ఎమ్మిగనూరు టైపు మాస్టరు తన దగ్గరున్న మిషన్లన్నిటికీ గడ్డి పరిచి, ఎద్దుల బండి కట్టించి, ముందురోజు సాయంత్రమే పెద్ద దారిన పంపించేవాడు. బావ నేర్చుకున్న మిషను ముసలిది, ఒకటి రెండు మీటలు బతిమాలితే గాని లేచేవి కావు. ఆ మిషనే బావకు అలవాటు. ఈ కథ అక్కడితో ఆగి, ఆ మిషను కూడా బండెక్కి పోయుంటే నేనీ రోజు ఇది రాసేవాణ్ణి కాదు.

“బావా, ఆ బండిలో వేస్తే నీ మిషను పనైపోతాది,” అన్నాను. “పెద్ద దావంతా కొత్తగా కంకర తోలినారు. పద్దెనిమిది మైళ్లు గడగడమని అదిరితే ఆ మీటలు ఒక్కటన్నా నిలుస్తాదా?”

“మరి బస్సులో యేస్తే?”

“బస్సు మీద మూటల కింద యేస్తారు. సైకిలు మీద నేను తెస్తా. నాకొక దావ తెలుసు. మెత్తటి మట్టి, రాయనేది లేదు. పరుపు మీద పోయినట్లు పోవచ్చు.”

బావ నా నోటుపుస్తకం వైపు చూశాడు. మాస్టరు వైపు చూశాడు. మాస్టరు, “నీ ఇష్టమప్పా, మళ్లీ నన్ననొద్దు,” అన్నాడు. మిషన్లు మోసుకుని బండి వెళ్లిపోయింది, ఒకటి తక్కువగా.

మరునాడు తెల్లవారుతూనే బయలుదేరాం. మిషనును అత్త పాత బొంతలో చుట్టి నా సైకిలు క్యారియరుకు తాళ్లతో బిగించాం. బావకు ఒక బాడుగ సైకిలు. ఒంటిగంటకు పరీక్ష, మాకు మూడు గంటల ప్రయాణం. ఇక తొందరేముంది? నిజం చెప్పాలంటే మొదటి ఐదారు మైళ్లు అంత సుఖమైన ప్రయాణం నేను మళ్లీ చేయలేదు. దున్ని వదిలిన నల్లచేలు రెండు వైపులా, దూరంగా ఆదోని కొండలు ఒకదాని మీద ఒకటి పేర్చిన బండల్లాగా, దారిలో మా రెండు గొలుసుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ముంగారు వానల కాలం కావడంతో గాలి చల్లగా ఉంది. బావ హాండిలు మీద వేళ్లతో టైపు కొడుతూ వస్తున్నాడు. “రేయ్, ఇంత బాగుంటాదని నాకెప్పుడూ సెప్పలేదేమిరా!” అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయిన పొంగు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బాట రెండుగా చీలే చోట ఒక గొర్రెల కాపరి గొంగడి కప్పుకుని నిలబడి ఉన్నాడు. ఎడమవైపు పోతే ఒక మైలులో పెద్ద దారి కలుస్తుంది. కుడివైపుది నా పరుపు దారి.

“యాడికప్పా పోతాండారు?”

“ఆదోనికి.”

“అట్లయితే పెద్ద దావకు తిరుక్కోండి. ఈ పక్కంతా మొన్న రాత్రి బలే వాన కొట్టింది. రేగడి పట్టుకుంటే ఇడవదు.”

మా ఊళ్లో ఆ రాత్రి పడింది నాలుగు చినుకులు. నేను కుడిబాట వైపు చూశాను. ఎండ తగిలి పైన తెల్లగా ఆరిపోయి, అక్కడక్కడ చిన్న పగుళ్లు కూడా కనబడుతున్నాయి. “ఎండిపోయిందిలే తాతా,” అన్నాను.

“పైన ఎండిందప్పా. లోపల ఎవురు సూసినారు?”

బావ దిగి నిలబడ్డాడు. “ఆయప్ప మాట ఇందాంరా. గొర్లు తోలుకునేటోనికి తెలీదా?”

ఇక్కడ నేను ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ముసలాయన చెప్పింది నిజమేనని నాకు ఆ క్షణంలోనే తోచింది. రెండేళ్లుగా రేగడి చేలల్లో తిరిగిన వాడికి తోచకుండా ఎట్లా ఉంటుంది? కాని ఇంతసేపూ దారి గురించి గొప్పలు పోయి, చివరికి కంకర దారిన పడి బస్సులకు పక్కకు జరుగుతూ పోవాలా అని మనసొప్పలేదు. “నేను వారానికి రెండుసార్లు తిరిగే దావ బావా ఇది,” అని తొక్కేశాను. ఆ బాటలో వానాకాలం నేను ఒక్కసారి కూడా తిరగలేదు. వానాకాలంలో చూడటానికి పత్తే ఉండదు.

నాలుగు ఫర్లాంగులు బాగానే పోయాం. తర్వాత పైన ఆరిన పెచ్చు పగిలింది. నల్లరేగడిని ఎరగనివాళ్లకు ఎట్లా చెప్పాలో తెలియదు. అది బురద కాదు, బంక. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక చుట్టు మట్టి ఎత్తుకుంటుంది. పది చుట్లు తిరిగేసరికి మడ్‌గార్డు నిండిపోయి చక్రం బిగుసుకుంది. దిగి పుల్లతో గీకాను. పది గజాలు తోశాను. మళ్లీ గీకాను. చెప్పులు ఒక్కొక్కటి ఒక్కో ఇటుకంత అయ్యాయి, తర్వాత కనిపించకుండానే పోయాయి. (బావది ఒకటి దొరికింది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.)

చివరికి మిషనును విప్పి, బావ తువాలు చుట్టి కుదురు చేసుకుని నెత్తిన పెట్టుకున్నాడు. నేను మోస్తానంటే, “నువ్వు పడితే అది పడతాది. నేను పడితే నాది పడింది అనుకుంటా,” అన్నాడు. నేను ఒక సైకిలు భుజాన వేసుకుని కొంత దూరం పోయి దించడం, వెనక్కి వచ్చి రెండోది మోసుకు పోవడం. ఆ విధంగా నేను గీసిన ఆ దారిని నేనే మూడింతలు నడిచాను. వెనక్కి పోదామంటే వచ్చిందీ అంతే మట్టి.

మధ్యలో ఒక చిన్న పల్లె. అరుగు మీద కూర్చున్న నలుగురైదుగురు మమ్మల్ని చూసి లేచి వచ్చారు. వాళ్ల చూపంతా బొంత మూట మీదే. “ఏం నాటకమప్పా? ఏ ఊర్లో?” అన్నాడొకడు.

“నాటకం కాదు.”

“మరి ఆ హార్మనీ పెట్టె?”

బావ బొంత కొంచెం తొలగించి చూపించాడు. ఒకడు ఒక మీట నొక్కి, టక్‌మనగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “దీంట్లో పాట రాదే!” అన్నాడు బాధగా. ఇంకొకడు, “ఈ బురదలో వచ్చింది ఇది వాయించేదానికా?” అన్నాడు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేసింది.

పెద్ద దారి ఎక్కేసరికి పన్నెండు దాటింది. చక్రాలు గీకి, చెంబుడు నీళ్లు అడిగి తాగి, కంకర మీద (ఆ కంకర ఎంత హాయిగా ఉందో!) ఆదోని చేరేసరికి రెండు కొట్టింది. బావ కూర్చోవలసిన జట్టు పరీక్ష ముగించుకుని బయటికి వస్తోంది. గుమ్మం దగ్గర మాస్టరు మమ్మల్ని చూసి లోపలికి పోయి, పరీక్షాధికారిని ఎట్లా బతిమాలాడో, మూడింటికి కూర్చునే ఆఖరి జట్టులో చోటు ఇప్పించాడు. నేను పంచె కొంగుతో మిషను తుడిచాను. మాస్టరు నూనె చుక్కలు వేశాడు. రోలరు ఆడింది. నేను నా తప్పు మాఫీ అయిందనుకున్నాను.

కిటికీలోంచి చూశాను. గంట కొట్టారు. అన్ని మిషన్లూ వడగళ్లలా మోగాయి. బావ రెండు చేతులూ మీటల మీద పెట్టాడు. పొద్దుటి నుంచి నాలుగు మైళ్లు నెత్తిన బరువు పట్టుకున్న చేతులవి. మోచేతి నుంచి వేళ్ల చివరిదాకా వణుకుతున్నాయి. ఒక మీట కొట్టబోతే రెండు లేచి ముడిపడుతున్నాయి. వాటిని విడదీసి మళ్లీ కొట్టాడు. మళ్లీ ముడిపడ్డాయి. పది నిమిషాలైంది, గంట కొట్టారు. బావ కాగితం మీద మూడు వరుసలున్నాయి. దాన్ని ఇచ్చేసి బయటికి వచ్చి, “పదరా, ఆకలిగా ఉంది,” అన్నాడు.

మరునాడు మిషన్ల బండిలోనే, సైకిళ్లు కూడా అందులోనే వేసుకుని, ఊరు చేరాం. వాకిట్లో బండి దిగుతుంటే మామ మగ్గం వదిలి వచ్చాడు. నా సైకిలు పక్కన గొంతుక్కూర్చుని, చక్రంలో మిగిలిన మట్టిని పుల్లతో గీకుతూ, “ఏమైందిరా?” అన్నాడు కొడుకుతో.

“పోయింది నాయనా. చేతులు వణికినాయి.”

మామ నా వైపు తిరిగాడు. “ఏమప్పా అల్లుడా? వాని చేతులు ఎందుకు వణికినాయి?”

బావ నా వైపు చూడలేదు. నేను చెప్పడానికి బావ అడ్డం రాలేదు, దారి అడ్డం రాలేదు, వాన కూడా లేదు. నోరు తెరిచి, “భయపడినాడేమో మామా,” అన్నాను.

మామ తల ఊపి లోపలికి పోయాడు. మళ్లీ మగ్గం చప్పుడు మొదలైంది. ఆ సాయంత్రం అత్త నాకు ఎప్పటిలాగే రెండు రొట్టెలు పెట్టింది. రెండూ తిన్నాను. అది కూడా రాయాలి కదా.

మిల్లులో కుర్చీ ఇంకొకరికి పోయింది. బావ ఆరు నెలలు తండ్రి పక్కన గుంటలో కూర్చుని నేశాడు. మళ్లీ పరీక్షకు కూర్చుని (మిషను బండిలోనే పోయింది) పాసయ్యాడు గాని, అప్పటికి దగ్గర్లో పని దొరకలేదు. దూరాన హైదరాబాదులో ఒక చిన్న ఆఫీసులో దొరికింది. ఆదోనిలో ఉండి వారం వారం ఇంటికి రావాల్సిన మనిషి, ఏడాదికి ఒకసారి వచ్చే మనిషి అయ్యాడు. ఆ ఆర్నెల్లూ నేను నోటుపుస్తకం తెరవలేదు, నోరూ తెరవలేదు. బావ నన్ను ఒక్క మాట అని ఉంటే తిరిగి నాలుగు అని మనసు తేలిక చేసుకునేవాణ్ణి. అనలేదు.

బావను బస్సెక్కించిన రోజు, బస్సు కనుమరుగయ్యేదాకా మామ చెయ్యి ఎత్తే ఉంచాడు. నేను వెనక నిలబడి, ఎవరో తోసినట్లు అంతా చెప్పేశాను. పరుపు దారి, గొర్రెల కాపరి, బావ నెత్తిన మిషను, నేను ఆడిన అబద్ధం, అన్నీ. చెబుతూ చెబుతూ ఏడ్చాను కూడా. మామ చెయ్యి దించి నా వైపు చూశాడు.

“నాకు ఆ పొద్దే తెలుసు కదప్పా,” అన్నాడు. “పెద్ద దావంతా కంకర. నీ సైకిలు చక్రంలో నల్లరేగడి. నేనే గదా పుల్లతో తీసింది.”

“మరి నన్నెందుకు అడిగినావు మామా?”

“సెప్తావేమోనని.”

ఆయన తువాలు దులిపి భుజాన వేసుకుని, రెండడుగులు వేసి ఆగాడు.

“రా, ఇంటికి పోదాం. యా సందున పోదామో మాత్రం నువ్వు సెప్పొద్దు.”

బస్టాండు నుంచి ఇంటికి అడ్డదారి ఒకటుంది, సగం దూరం కలిసివస్తుంది. మామ దాన్ని దాటి చుట్టు తిరిగి పోయాడు. నేను వెనకాలే పోయాను. ఇంత వయసు వచ్చాక ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే, బుగ్గల మీద కన్నీళ్లు తుడుచుకుంటూ, నాలుక చివరిదాకా వచ్చిన అడ్డదారిని దిగమింగుకుంటూ మామ వెనక నడుస్తున్నవాడే కనబడతాడు. వాడి మీద నాకు కోపం ఇంకా పూర్తిగా పోలేదు. కాని అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ కొంచెం నవ్వొస్తుంది.