హెడ్‌ఫోన్లలోకి వచ్చిన నాన్న

డాన్సు మంచి ఊపులో ఉండగా మా హెడ్‌ఫోన్లలో పాట మీద ఎవరిదో ఏడుపు గొంతు వినిపించింది.

"మా పాప కనపడతం నేదండీ! పసుపు గౌను ఏసుకుంది. ఎవులైనా సూసేరా?"

ఆడుతున్నవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

అనకాపల్లిలో మా బంధువుల పెళ్లి ముందు సంగీత్ అది. ఎదురుగా ఆసుపత్రి ఉండడంతో స్పీకర్లు వద్దనుకుని, సౌండ్ సిస్టమ్ పని చేసే మా మేనకోడలు శ్రావణి చేత వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు పెట్టించారు. పాట చెవుల్లోనే మోగుతుంది, హాలంతా నిశ్శబ్దం. శ్రావణి సొంతంగా ఒప్పుకున్న మొదటి పని.

"మావయ్యా, పక్క హాలు మైకు మన లైన్లోకి వచ్చేసింది. పరువు పోతాది, ఆపేత్తాను" అంటూ స్విచ్చి మీద చెయ్యి వేసింది.

"ఆపకే తల్లీ! ముందు ఆ పిల్లని ఎతుకుదాం" అని చెయ్యి పట్టుకున్నాను.

ఎక్కడో వెతకక్కర్లేకపోయింది. చెవులకు హెడ్‌ఫోన్లతో గుంపు నడుమే నిలబడి ఉంది పసుపు గౌను పాప. ఆడపెళ్లివారు మగపెళ్లివారి పిల్ల అనుకున్నారు, వాళ్లేమో వీళ్ల పిల్ల అనుకున్నారు. రెండువైపులవాళ్లూ లడ్డూలు పెట్టి మరీ ఆడించారు!

"మా నాన్న ఇందులోకెలా వచ్చేడు?" అంది పాప, హెడ్‌ఫోన్లు తీసి లోపలికి చూస్తూ.

ఎత్తుకుని పక్క హాలుకు పరుగెత్తాను. పాపను చూడగానే తండ్రి చేతిలోని మైకు జారిపోయింది. హెడ్‌ఫోన్లలో ఆ చప్పుడు విని మా హాల్లో అందరూ చప్పట్లు కొట్టారట.

తర్వాత శ్రావణి ఆ రెండు హాళ్లలో అవే మైకు, హెడ్‌ఫోన్లు పెట్టి ఎన్నోసార్లు పరీక్షించింది. పక్క హాలు గొంతు ఒక్కసారి కూడా రాలేదు. ఆ రోజు ఎలా వచ్చిందో ఇప్పటికీ తేలలేదు.