మంచం కింద పొలిమేర

దేశానికైనా జిల్లాకైనా నదిని మించిన సరిహద్దు లేదని, దాన్ని ఎవరూ జరపలేరని ఎనిమిదో తరగతి పిల్లలకి ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. భవానీపురంలో కాపురముంటూ, వరదల్లో కృష్ణ చేసే అల్లరి కళ్ళారా చూస్తూ కూడా అదే చెప్పాను. డెబ్బయ్యో దశకం మధ్యలో ఒక ఫిబ్రవరి రోజున ఆ పాఠం నాకే ఎదురు తిరిగింది. లంకలకి దారి ఎటని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతుంటారు గనక ఆ ప్రయాణం గురించి రాస్తున్నాను. ఛార్జీలు మాత్రం ఆనాటివి, చదివి నిట్టూర్చకండి.

నాతో టీచర్ ట్రైనింగ్ చదివిన మార్త, ఉయ్యూరు దాటాక కృష్ణ మధ్యలో ఉన్న ఒక లంకలో బడి నడిపేది. పాక బడి, ముప్పైమంది పిల్లలు, ఒక్కతే టీచరు. అంతకు ముందొచ్చిన పెద్ద వరదకి నది కొత్త పాయ తీసి, లంకకీ మన ఒడ్డుకీ మధ్య నుంచి పారడం మొదలుపెట్టింది. దాంతో ఇవతలి పంచాయతీ సమితి వాళ్ళు "నది దాటితే గుంటూరు జిల్లా, ఆ బడి మాది కాదు" అన్నారు. అవతలి వాళ్ళు "మా పటంలో ఆ లంకే లేదు" అన్నారు. సర్వేయరు వచ్చి కొలిచి, బడి కృష్ణా జిల్లా పొలిమేర లోపలే ఉందని రాస్తే సరి, లేకపోతే వేసవి సెలవుల తర్వాత బడి తెరవరు. మార్త నన్ను సలహా అడిగితే, అన్నీ తెలిసినదానిలా "నది ఎటు జరిగితే హద్దు అటే" అని ఉత్తరం రాసి పడేశాను. అది చదివి ఆవిడ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. సర్వే రోజున పక్కన నిలబడదామని బయల్దేరాను.

విజయవాడలో ఆరుంపావు బస్సు ఎక్కితే ఉయ్యూరుకి రూపాయి పావలా. గంట ప్రయాణమే గానీ, ఫ్యాక్టరీకి చెరుకు తోలే ఎడ్లబళ్ళ వెనక పడి గంటన్నర పట్టింది. ఊళ్ళోకి రాగానే పాకం వాసన ముక్కుపుటాలు అదరగొట్టింది. బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ తిని, కరకట్ట దాకా జట్కా మాట్లాడుకున్నాను. వరద ఊళ్ళ మీద పడకుండా నది వెంట పోసిన ఆ మట్టికట్ట దిగితే ఇసుక, ఇసుక దాటితే పడవ. "ఇది ఏ జిల్లా పడవయ్యా?" అని వేళాకోళంగా అడిగాను. పడవతను గడ వేస్తూనే, "నాకు తెలిసినవి రెండే జిల్లాలండీ, ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ. ఎటెళ్ళినా పావలానే" అన్నాడు.

రేవులో మార్త ఎదురొచ్చింది. "హద్దులు జరిపే పంతులమ్మగారు వచ్చారా!" అంది. చివాట్లు పెట్టినా బాగుండేది. బడి ముందు అప్పటికే జనం మూగారు. సర్వేయరు గారు యాభై దాటిన సన్నటి మనిషి. పెడన నేతపనివాళ్ళ ఇంటి నుంచి వచ్చానని ఆయనే చెప్పారు. అందుకేనేమో, ఒక్క పోగు తప్పినా ఊరుకునే రకం కాదు.

"లంకలో మూడు పొలిమేర రాళ్ళుండాలి. రెండు దొరికాయి, మూడోది కనబడట్లేదు. బడి ఆ రాయికి ఇవతల ఉంటే మనది, అవతలుంటే కాదు" అన్నారాయన.

లంకలో పెద్దమనిషి, తమలపాకు తోట చేసే యేసోబు తాత ముందుకొచ్చాడు. "రాయి ఎక్కడికీ పోలేదండీ. భద్రంగా ఉంది, రండి" అని మమ్మల్ని తన ఇంటికి తీసుకెళ్ళాడు. నులకమంచం కింద గోనెపట్టా కప్పి ఉంది మూడో రాయి.

"వరదొచ్చిన రోజున, ఇది కొట్టుకుపోతే మాకిక ఊరే ఉండదని నేనూ మా వాడూ పెకలించి పడవలో కట్టకి చేర్చామండీ. గేదెని రెండో విడతలో తెద్దామనుకున్నాం, అందలేదు. నీళ్ళు తీశాక రాయిని మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నాం, చిన్న పెచ్చు కూడా ఊడలేదు, చూసుకోండి."

సర్వేయరు గారు తల పట్టుకున్నారు. "పొలిమేర రాయికి విలువంతా అది నిలబడ్డ చోటులో ఉంటుంది తాతా! ఎక్కడి నుంచి తీశారు?"

"రేగిచెట్టు పక్కనండీ."

"రేగిచెట్టేదీ?"

"అదీ వరదకే పోయిందండీ."

ఎవరూ నవ్వలేదు. తాత తలపాగా తీసి చేత్తో పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. మార్త కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను ఉండబట్టలేక, "నదే జరిగిపోయాక హద్దు కూడా జరిగినట్టేనాండీ?" అని అడిగేశాను.

"మీరేం చేస్తుంటారమ్మా?"

"భూగోళం చెబుతానండీ."

"అదీ సంగతి" అని ఆయన మొదటిసారి నవ్వారు. "నది ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం కోసుకుంటూ పోతే అదో తగువు. ఒక్క వరదకి దూకిందనుకోండి, దాంతోపాటు ఊరూ దూకుతుందా? మన ఊరి హద్దు పటంలో ఉంది, నీళ్ళలో లేదు. కొలుద్దాం పట్టండి."

నిలిచిన రెండు రాళ్ళ నుంచి పోయిన రాయి ఎంతెంత దూరమో పటంలో ఉంది. రెండింటి దగ్గర నుంచీ కొలత గొలుసులు పట్టుకుని బయల్దేరారు. ఎండలో, దుబ్బుల్లో, కొలిచిందే మళ్ళీ కొలుస్తూ మధ్యాహ్నం రెండయింది. మార్త వండిన వంకాయ కూర చల్లారిపోయింది. చివరికి రెండు కొలతలూ బడికి అవతల నలభై అడుగుల దూరంలో, ఇసుకమేట మీద కలిశాయి. మోకాలి లోతు తవ్వేసరికి పలుగు ఖంగుమంది. ఎప్పుడో రాయి పాతినప్పుడు గోతిలో దట్టించిన కంకర అలాగే ఉంది.

"అయితే బడి?" అంది మార్త.

"ఇవతలే ఉందమ్మా. జూన్లో మీరే గంట కొట్టుకోండి."

మార్త నన్ను వాటేసుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి! యేసోబు తాత ఇంకెవర్నీ ముట్టుకోనివ్వకుండా, కొడుకుతో కలిసి తనే రాయి మోసుకొచ్చి గోతిలో నిలబెట్టాడు. మట్టి కప్పి, చేతులు దులుపుకుని, భయం భయంగా అడిగాడు: "మళ్ళీ వరదొస్తే ఏం చెయ్యమంటారండీ?"

"రాయిని వదిలేసి గేదెని తోలుకుపో. ఈ పటంలో మీ ఊరున్నంత కాలం, రాయి ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు వచ్చి వెయ్యడం మా పని."

ఆ తర్వాతి సోమవారం ఎనిమిదో తరగతికి సరిహద్దుల పాఠం మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. నేను చెప్పింది తప్పని ఒప్పుకుంటే పిల్లలు తెగ సంబరపడ్డారు. ఊరి హద్దు అంటే, గుర్తు చెరిగిపోయినా మిమ్మల్ని వదిలెయ్యం, వచ్చి మళ్ళీ వేస్తాం అని ఇచ్చిన మాట అన్నాను. పరీక్షలో అలా రాస్తే మార్కులు పడతాయో లేదో గానీ, నాకు ప్రభుత్వం మీద నమ్మకం కుదిరింది మాత్రం ఆ ఇసుకమేట మీదే. జూన్లో బడి తెరిచారు, మార్తే గంట కొట్టింది.

మీకో సలహా. లంక నుంచి ఆఖరి పడవలు రెండూ సాయంత్రం ఐదున్నరకే కదులుతాయి, చెరో ఒడ్డుకీ. ఏ ఒడ్డుకో అడిగి మరీ ఎక్కండి. ఆ సంతోషంలో నేను అడక్కుండా ఎక్కి, గుంటూరు జిల్లాలో తేలాను.