విజిల్ చిన్నపిల్ల మెడలోనే

మా పెదపాడు కోలాటం మాస్టారు పోయారని మొన్న మంగళవారం ఆకివీడు నుంచి వాళ్లమ్మాయి ఫోను చేసింది. ఫోను మోగితేనే నాకు గుండె దడ. ఆ రోజు దడ ఊరికే పోలేదు.

నేను ఐదో తరగతి దాటలేదు. పెద్ద మాటలు రావు. మనవరాలిని కోలాటానికి తీసుకెళ్లి, కర్ర కంటికి తగులుతుందేమో, కాలు మడత పడుతుందేమో అని అరుగు మీద కూర్చుని భయపడ్డదాన్ని కాబట్టి ఆయన గురించి నాలుగు సంగతులు తెలుసు. అడుగు మార్చమని ఊదే విజిల్‌ని ఎవరైనా తమ దగ్గరే ఉంచుకుంటారు. మాస్టారు దాన్ని అందరికంటే చిన్నపిల్ల మెడలో వేసేవారు. “కాళ్లు నొప్పెట్టేది వాళ్లకి. ఇది నా దగ్గరెందుకండీ మామ్మగారూ?” అనేవారు.

ఆ మధ్య ఏలూరులో సాంస్కృతిక సలహా సంఘమని ఒకటి పెట్టారు. పిల్లల మాటా వింటారట. విన్నారు! యువజన ప్రతినిధి కుర్చీలో అధ్యక్షుడు తన బావమరిదిని కూర్చోబెట్టుకున్నాడు. ఆ మనిషిలో యువజనం జుట్టుకేసిన రంగొక్కటే, అప్పటికే మనవడి అన్నప్రాసన కూడా అయింది. మా పిల్లలకి దక్కింది టీలు అందించే గౌరవం.

వాళ్లు అడగాలనుకున్నది ఒక్కటే. పెద్దమనుషులెవరో వస్తారని మండుటెండలో, తారు రోడ్డు మీద, చెప్పులు విప్పించి ఆడించడం మానాలని. వాళ్లు అలా కాలుతూ ఆడుతుంటే, చెప్పులు పోతాయేమోనని సంచీలో వేసుకుని కూర్చున్నదాన్ని నేను. సంఘం మీటింగు రోజు మనవరాలు నోరు తెరవబోతే చెయ్యి పట్టి లాగిందీ నేనే. “ఊరుకోవే, పెద్దాళ్లున్నారు.”

మాస్టారు లేచి తన కుర్చీ చూపించారు. “రా అమ్మా, ఇక్కడ కూర్చుని చెప్పు.”

“పిల్లలకేం తెలుసండీ! మర్యాదలు మనం చూసుకోవాలి గానీ,” అన్నాడు అధ్యక్షుడు, ఏసీ కింద శాలువా సర్దుకుంటూ.

“కాలిన కాళ్లు వాళ్లవండీ. మీవి బూట్లలో ఉన్నాయి.”

ఆ ముక్క మీటింగు పుస్తకంలోకి ఎక్కలేదు. యువత అభిప్రాయం తీసుకున్నామని మాత్రం రాసుకుని, జీడిపప్పు తిని లేచారు.

తిరుగు బస్సులో మాస్టారు నాతో మెల్లగా అన్నారు. “మీరు భయపడండి, ఫరవాలేదు. పిల్లకి మాత్రం నేర్పకండి.”

ఇప్పుడు ఆయనకి సంతాపసభ పెట్టింది ఆ సంఘమే. ముఖ్య అతిథికి పిల్లలు రోడ్డు నుంచి కోలాటంతో ఎదురెళ్లాలట, మిట్టమధ్యాహ్నం! బతికుండగా ఆయన దేనికోసం నిలబడ్డారో దాన్నే ఆయన ఫొటో ముందు తొక్కాలని చూశారు. సిగ్గనేది ఆ శాలువాల కింద ఎక్కడా ఉన్నట్టు లేదు.

పిల్లలొచ్చారు. కారు కూడా వచ్చేసింది. “మామ్మగారూ, సంచీ పట్టండి, చెప్పులు తీయించండి!” అని బావమరిది పరుగెత్తుకొచ్చాడు.

సంచీ మడిచి కింద వేసుకుని దాని మీద కూర్చున్నాను.

పిల్లలు చెప్పులు విప్పలేదు. పందిరి నీడలో కర్రలు దించి నిలబడ్డారు. “ఊదమ్మా, ఊదు!” అని అధ్యక్షుడు అరుస్తున్నాడు. మెడలో విజిల్ ఉన్న చిన్నపిల్ల ఫొటోలోని మాస్టారి వైపు ఒకసారి చూసింది. విజిల్‌ని పిడికిట్లో మూసేసింది.