నలభై పేజీలు, అర నిమిషం

వినోదిని పని ఏమిటని ఎవరైనా అడిగితే "మాటలు మోసే పని" అని చెప్పేది. వేలూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదమూడేళ్లుగా ఆమె దుబాసి. చిత్తూరు, పీలేరు, కడప వైపు నుంచి వచ్చే రోగుల్లో చాలామందికి తమిళం రాదు, ఇంగ్లీషు అసలే రాదు. దూర రాష్ట్రాల నుంచి వచ్చిన డాక్టర్లకు తెలుగు రాదు. ఇద్దరి నడుమా స్టూలు వేసుకుని కూర్చుని, నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి, మాత్ర మింగాక వాంతయిందా అన్నవి అటూ ఇటూ చేరవేస్తుంది. తెలుగు ఆమెకు ఇంటి భాషే కానీ అక్షరాలు రావు. గుడియాత్తంలో బడి అంతా తమిళంలో చదివింది. ఇంగ్లీషు మాత్రం చదువుకున్నదాని కంటే ఆసుపత్రిలో విని నేర్చుకున్నదే ఎక్కువ.

ముప్పై తొమ్మిదేళ్ల మనిషి. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని అడిగేవాళ్లు కూడా అడగడం మానేశారు. గుడియాత్తంలోనే నేతవాళ్ల వీధిలో తండ్రి రంగనాథన్‌తో ఉంటుంది. ఆయనకు అరవై ఎనిమిది, ముందు గదిలోని గుంట మగ్గం మీద ఇంకా లుంగీలు నేస్తాడు. తల్లి చౌడేశ్వరి నాలుగేళ్ల క్రితం పోయింది. ఆమె ఉన్నన్నాళ్లూ ఇంట్లో మాటలన్నీ ఆమె మీదుగానే నడిచేవి. కూతురికి చెప్పాల్సింది ఆయన భార్యకు చెప్పేవాడు, ఆయన్ను అడగాల్సింది వినోదిని తల్లిని అడిగేది. ఆమె పోయాక, కోపతాపాలేమీ లేకపోయినా, నీళ్లొచ్చాయి, అన్నం వండాను, తాళం ఎక్కడ పెట్టావు అన్నంత వరకే మాటలు మిగిలాయి.

ఆ ఇంట్లోకి మళ్లీ మాటలు తెచ్చింది ఒక జపాన్ కథ.

జపాన్‌లో లైట్ నావెల్ అని ఒక రకం పుస్తకాలు వస్తాయి. చిన్న చిన్న సంపుటాలుగా ఏళ్ల తరబడి సాగుతాయి, నడుమ నడుమ బొమ్మలుంటాయి, చదివేవాళ్లలో కుర్రకారు ఎక్కువ. ఆసుపత్రి ల్యాబులో పనిచేసే అమ్మాయి ఒకతె, ఇందులో హీరోది నీ ఉద్యోగమే అక్కా అంటూ ఒక దాని ఇంగ్లీషు అనువాదాన్ని వినోదిని ఫోన్లో వేసిచ్చింది. టోక్యోలో టెలిఫోన్ కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగి ఒకడు చనిపోయి మరో లోకంలో పుడతాడు. అక్కడ నదికి ఇటొక రాజ్యం, అటొక రాజ్యం. ఒకరి భాష ఒకరికి రాదు. రెండూ తెలిసినవాడు ఇతనొక్కడే. పుస్తకంలో అతనికి పేరు లేదు, దుబాసి, అంతే. నలభై దాటినవాడు, బట్టతల, కడుపులో పుండు, ఎప్పుడూ బుగ్గన ఒక అల్లం ముక్క. రాజు ఏమన్నాడు, అది విని దుబాసి లోపల ఏమనుకున్నాడు, ఆఖరికి పైకి ఏం చెప్పాడు, ఈ మూడింటినీ పుస్తకం విడివిడిగా చెబుతుంది. పైకి చెప్పింది ఒక్క వాక్యమైతే లోపల నడిచింది పది పేజీలుంటుంది.

వినోదిని దాన్ని పొద్దున ప్యాసింజరులో చదివేది. గుడియాత్తంలో సీటు దొరికితే కూర్చుని, లత్తేరిలో ముసలివాళ్లు ఎక్కితే లేచి నిలబడి, కాట్పాడి వచ్చేదాకా ఫోన్లోంచి తల ఎత్తేది కాదు. ఒక సాయంత్రం ఇంట్లోనూ అలాగే చదువుకుంటూ తనలో తాను నవ్వింది. రాట్నం మీద నూలు కండెలు చుట్టుకుంటున్న రంగనాథన్ చూశాడు.

"ఏముండాదమ్మా దాంట్లో?"

చెప్పింది. మనిషి చచ్చిపోయి ఇంకో లోకంలో పుట్టాడంటే ఈయన ఏమంటాడో అనుకుంది. ఆయన రాట్నం ఆపలేదు. "అదేముండాది, అందరమూ పుట్టేదే గదా. తర్వాత?" అన్నాడు.

అలా రెండేళ్లు నడిచింది. ఏడింటికి ఇల్లు చేరి, పొయ్యి మీద ఎసరు పెట్టి, పొద్దున రైల్లో చదివింది తెలుగులో చెప్పేది. ఆయన కండెలు చుడుతూ వినేవాడు. పగలంతా మగ్గం మీద దాని గురించే ఆలోచిస్తాడేమో, మర్నాడు ఆమె చెప్పులు విడవకముందే ప్రశ్న సిద్ధంగా ఉండేది. నదికి వంతెన ఎందుకు కట్టుకోలేదు అనేవాడు. కడుపులో పుండు పెట్టుకుని అల్లం నమలడమేమిటి, మజ్జిగ తాగమని చెప్పే దిక్కు లేదా వానికి అని నొచ్చుకునేవాడు. చౌడేశ్వరి ఉన్నప్పుడు కూడా తండ్రీ కూతుళ్లు ఇంతగా మాట్లాడుకుంది లేదు.

మూడో సంపుటంలో ఒక ఘట్టం ఉంది. అవతలి రాజ్యపు ముసలామె ఒకతె పడవలో నది దాటి వస్తుంది. ఆమె కొడుకు యుద్ధంలో పట్టుబడ్డాడు. నా బిడ్డ ఎట్లా ఉన్నాడో అడిగి చెప్పు అని దుబాసి చేతులు పట్టుకుంటుంది. వారం కిందటే వాణ్ణి చంపేశారని సేనాపతి విసుగ్గా చెబుతాడు. దుబాసి ఆమె వైపు తిరిగి, బాగున్నాడమ్మా అంటాడు. ఆ మాట వినడానికీ ఈ మాట అనడానికీ మధ్య పుస్తకంలో నలభై పేజీలు. టోక్యోలో తన తల్లి, ఫోన్లో తాను చెప్పిన అబద్ధాలు, నిజం చెబితే ఈమె తిరిగి పడవ ఎక్కుతుందా, చెప్పకపోతే ఎన్నేళ్లు ఒడ్డున ఎదురుచూస్తుంది, చెప్పే హక్కు నాదా, దాచే హక్కు నాదా. రంగనాథన్‌కు ఆ ఘట్టం చెప్పడానికి మూడు సాయంత్రాలు పట్టింది. మూడో రోజు ఆయన కండె పక్కన పెట్టేసి, "పాపం, వాడైనా ఏం చేస్తాడు" అన్నాడు.

ఆరు సంపుటాలు చెప్పడం పూర్తయ్యాక, ఆ కథ యానిమేగా వస్తోందని తెలిసింది. జపాన్ వాళ్లు తీసే బొమ్మల సీరియల్, పన్నెండు భాగాలు, తమిళ డబ్బింగుతో సహా. వినోదినికి పండగలా అనిపించింది. ఇన్నాళ్లూ చెవులతో విన్నది నాయన ఇక కళ్లతో చూస్తాడు. ఫోను చిన్నదని ల్యాబు అమ్మాయి దగ్గర టాబ్లెట్ అడిగి తెచ్చింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బియ్యం డబ్బాకు ఆనించి పెట్టి, ఇద్దరూ చాప మీద కూర్చున్నారు.

నది చాలా బాగుంది. పొగమంచులో పడవ కదులుతుంటే రంగనాథన్ ముందుకు వంగి చూశాడు. ఆ తర్వాత తెల్లటి జుట్టు గాలికి ఎగురుతూ ఇరవై ఏళ్ల కుర్రాడొకడు పడవ దిగాడు. ఇతనెవరు అని అడిగాడు ఆయన. దుబాసి అని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. అల్లం లేదు, బట్టతల లేదు, కడుపులో పుండు లేదు. పుస్తకంలో రెండు పేజీల్లో వచ్చిపోయే రాకుమారి ఇక్కడ ప్రతి భాగంలోనూ ఉంది. నాలుగు సంపుటాల కథను పన్నెండు భాగాల్లో కుక్కాలి కాబట్టి యుద్ధాలు ఉంచారు, ఆలోచనలు తీసేశారు. రాజు ఒకటంటాడు, కుర్రాడు ఇంకొకటి చెబుతాడు, అంతే. మధ్యలో ఏమీ లేదు.

ఆదివారానికి మూడేసి భాగాలు చూస్తూ పోతే, మూడో ఆదివారం ముసలామె పడవ వచ్చింది. వినోదిని టాబ్లెట్ సౌండు పెంచింది. ముసలామె అడిగింది, సేనాపతి చెప్పాడు. కుర్రాడు చిన్నగా నవ్వి, బాగున్నాడు అన్నాడు. వాన మొదలైంది, పాట వచ్చింది, పాట మధ్యలో రాకుమారి గొడుగు పట్టుకుని వచ్చింది. మొత్తం అర నిమిషం.

రంగనాథన్ పాట అయిపోయేదాకా చూశాడు. తర్వాత అడిగాడు.

"ఇంతేనా?"

పుస్తకంలో ఇంకా చాలా ఉందని, అవన్నీ వీళ్లు తీసేశారని ఆమె గబగబా చెప్పింది. లోపల అనుకునేది బొమ్మల్లో చూపించడం కష్టమని, అయినా వీళ్లు ప్రయత్నం కూడా చేయలేదని చెప్పింది. ఆయన వింటున్నట్టే ఉన్నాడు కానీ చూపు తెర మీద లేదు.

"వీడు వట్టి అబద్ధాలకోరుమ్మా. కన్నతల్లి అడిగితే నవ్వతా చెప్పినాడు."

"పుస్తకంలో అట్ల లేదు నాయనా."

"పుస్తకంలో ఉండేది నాకు చదవను రాదు గదా. నువ్వు చెప్పిందే నాకు పుస్తకం. మూడు దినాలు చెప్పినావే, అదంతా దాంట్లోనే ఉన్నిందా, నువ్వేమన్నా కలిపినావా?"

ఉన్నదంతా పుస్తకంలోదేనని అనేస్తే సరిపోయేది. ఎందుకో అనలేకపోయింది. "ఉన్నింది. కొంచెం నేను గూడా కలిపినాను" అంది.

"ఎంత?"

ఆమె టాబ్లెట్ ఆపి పక్కన పెట్టింది. ఆయన మళ్లీ అడగలేదు. లేచి మగ్గం గుంటలోకి దిగాడు. ఆదివారాలు ఆయన నేసేవాడు కాదు.

ఆ వారమంతా ఆయన కథ అడగలేదు. ఆమె ఏడో సంపుటం మొదలుపెట్టానని తనంత తాను చెప్పినా, ఊఁ అన్నాడే గానీ తర్వాత అనలేదు. శనివారం పొద్దున ఆమె రైలుకు బయలుదేరుతుంటే మగ్గం చప్పుడు ఆగింది. పోగును అటూ ఇటూ నడిపే నాడె ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"మీ అమ్మ సంగతి డాక్టరు ఇంగ్లీషులో చెప్పినాడు. నువ్వు మాకు తెలుగులో చెప్పినావు. ఆ రెండూ ఒకటేనా?"

ఆమె తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఆనాడు ఉత్తరాది నుంచి వచ్చిన కొత్త డాక్టరు. గదిలో మంచం మీద అమ్మ, పక్కన నాయన, నడుమ తను. రోజూ కూర్చునే స్టూలే.

"కాదు నాయనా."

"ఏమన్నాడు?"

"మూడు నెలలు, శానా అయితే నాలుగు అన్నాడు. ఇంటికి తీసుకుపోయి ఆమె ఏది అడిగితే అది చెయ్యండి అన్నాడు."

ఆ రోజు ఆమె వాళ్లకు చెప్పింది వేరు. మందులు సరిగ్గా వాడితే ఆరు నెలల్లో లేచి తిరుగుతుందట అని చెప్పింది. చౌడేశ్వరి పదకొండో వారంలో పోయింది. రోగం ముదిరిపోయిందని రంగనాథన్ అనుకున్నాడు, ఇన్నాళ్లూ అలాగే అనుకున్నాడు.

"అడిగింది" అన్నాడు ఆయన. "నెమిలికి పొయ్యొద్దామా అని అడిగింది. బాగైనాక పోదాంలే అంటిని."

నెమిలి అనే ఊళ్లో చౌడేశ్వరి చెల్లెలు మహాలక్ష్మి ఉంది. ఎవరి పెళ్లిలోనో మాటామాటా పెరిగి అక్కచెల్లెళ్లు తొమ్మిదేళ్లు మాట్లాడుకోలేదు. అక్క పోయిందని తెలిసి వచ్చి, గడప దాటకుండా వాకిట్లోనే నిలబడి ఏడ్చి వెళ్లిపోయిన మనిషి.

అప్పుడు తను ఎందుకు అలా చెప్పిందో నాయనకు చెప్పాలని వినోదిని ఎంతో ప్రయత్నించింది. చెప్పడానికి ఏమీ లేదు. దుబాసి నలభై పేజీలు ఆలోచించాడు. ఆమె ఏమీ ఆలోచించలేదు. అమ్మ తన ముఖంలోకి చూస్తోంది, నోట్లోంచి ఆ మాట వచ్చేసింది, అంతే. కారణాలన్నీ తర్వాత దొరికాయి, ఆ మూడో సంపుటం చదివేటప్పుడు. వాటిని ఆ మూడు సాయంత్రాలూ దుబాసివిగా తండ్రికి చెప్పుకుంది. ఆయన పాపం అన్నది విని, ఆ రాత్రి చాన్నాళ్లకు హాయిగా నిద్రపోయింది కూడా.

రైలు తప్పిపోయింది. ఆమె బస్సులో వెళ్లింది.

మరుసటి వారం రంగనాథన్ నెమిలికి బయలుదేరాడు. వేలూరులో బస్సు మారాలి, మోకాళ్ల నొప్పులు, సెలవు పెట్టి నేనూ వస్తానంది వినోదిని.

"నువ్వు వేణాంలేమ్మా. నా మాట నేనే చెప్పుకుంటాను" అన్నాడు.

ఆ రోజు ఆసుపత్రిలో పీలేరు నుంచి వచ్చిన దంపతులకు డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట మెత్తన చేయలేదు. భర్త నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. భార్య, ఇంత కటువుగా చెప్తావేమమ్మా, నీకూ ఇంట్లో మనుషులుండారు గదా అంది. వినోదిని ఆ మాటను డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పలేదు. ఏమంటోంది అని ఆయన అడిగితే, ఏమీ లేదు సార్ అంది.

రంగనాథన్ మర్నాడు సాయంత్రం తిరిగి వచ్చాడు. మహాలక్ష్మి సంచీ నిండా వేరుశనక్కాయలు ఇచ్చి పంపింది. కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి చెప్పాడు.

"నిజం జెప్పినాను. తెలిసుంటే మీ అక్కను పిల్చుకొని వచ్చేవాణ్ణి, తెలవలేదు అని జెప్పినాను. ఏడ్చింది. కడాన అక్క నన్ను తలుచుకున్నిందా అని అడిగింది."

నువ్వేమన్నావు నాయనా అంది వినోదిని.

"దినామూ తలుచుకుంటా ఉన్నింది అన్నాను."

చౌడేశ్వరి నెమిలి మాట ఎత్తింది ఒక్కసారి. అది వాళ్లిద్దరికీ తెలుసు. ఆయన కూతురి ముఖం వైపు చూడలేదు.

"చెప్పినాక నా మనసుకు నెమ్మదిగా లేదమ్మా" అన్నాడు. వేరుశనక్కాయల సంచీ విప్పుతూ, "అయినా నువ్వు నాకు జెప్పుండాల. ఆమెకు కాకపోయినా నాకు జెప్పుండాల" అన్నాడు.

ఆమె సరే నాయనా అంది.

టాబ్లెట్ తిరిగి ఇచ్చేసింది. మిగిలిన భాగాలు వాళ్లు చూడలేదు. ఆ యానిమే బాగా ఆడలేదని, ఇక రెండో సీజను తీయరని ల్యాబు అమ్మాయి చెప్పింది. పుస్తకం చదవని వాళ్లకు దుబాసి నచ్చలేదట, మోసగాడిలా కనిపించాడట. పుస్తకం మాత్రం ఇంకా వస్తూనే ఉంది, పదకొండో సంపుటం దాకా వచ్చింది. వినోదిని రైల్లో చదువుతోంది. ఇంటికొచ్చి చెప్పడం లేదు, ఆయన అడగడమూ లేదు. సాయంత్రాలు ఆయన కండెలు చుడతాడు, ఆమె వంట చేస్తుంది. నీళ్లొచ్చాయా అని ఒకరు అడిగితే వచ్చాయని ఇంకొకరు చెబుతారు. వేరుశనక్కాయలు చాన్నాళ్లు వచ్చాయి. ఆయన వాటిని ఒలిచి, సగం ఆమె పళ్లెం పక్కన పెట్టి, మాట్లాడకుండా లేచిపోయేవాడు.