ఆదివారం దుకాణాలు తెరవొద్దని

జర్మనీలో మేముండే డ్రెస్డెన్‌లో ఏడాదికి మరికొన్ని ఆదివారాలు దుకాణాలు తెరిచే ప్రతిపాదన నగర మండలి ముందుకొచ్చింది. అది వద్దని సంతకాలు సేకరించిన వాళ్ళలో నేనూ ఉన్నాను. తగినన్ని సంతకాలు వస్తే ఆ విషయం ఊరి ఓటుకు వెళ్తుంది. నన్ను అందులోకి తెచ్చింది మా కింది అంతస్తులో ఉండే పెద్దావిడ. రిటైరైన టీచరు. ఇద్దరం ఒకే చర్చికి వెళ్తాం. "వారానికి ఒక్కరోజైనా ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోకపోతే ఇక సంసారాలెందుకు?" అనేది ఆవిడ. ఆ మాట నాకు నచ్చింది. కాకినాడలో మా అమ్మ కూడా అలాగే అనేది.

మా ఆయనకు మాత్రం మొదటినుంచీ భయమే.

"వీసా రెన్యూవల్‌కి అపాయింట్‌మెంట్ దొరక్క చస్తున్నాం. ఇప్పుడు రోడ్డు మీద నిలబడి పాలిటిక్స్ అవసరమా?"

"పాలిటిక్స్ కాదండీ. ఆదివారం సెలవు గురించి."

"మన మొహాలతో ఇక్కడ ఏం చేసినా పాలిటిక్సే."

శనివారం ట్రామ్ స్టాప్ పక్కన బల్ల వేశాం. మధ్యాహ్నం దాకా బాగానే గడిచింది. ఒకామె కాగితం చదివి, "మీరు సంతకం పెట్టారా?" అని నన్ను అడిగింది. నాకు ఈ దేశ పౌరసత్వం లేదు, పెట్టే హక్కు లేదని చెప్పాను. "మరి మాకు చెప్పడానికి మాత్రం హక్కుందా?" అనేసి వెళ్ళిపోయింది.

కాసేపటికి మా గుంపులోనే ఉన్న ఒకాయన వచ్చాడు. మా పేటలో అందరికీ తెలిసిన వడ్రంగి. సంతకాలు ఎక్కువగా తెచ్చేది ఆయనే. సంచిలోంచి వేరే కరపత్రాలు తీసి మా కాగితాల పక్కన పేర్చాడు. ఒకటి తీసి చదివాను. ఆదివారం గురించి ఒక్క ముక్క ఉంది. మిగతాదంతా బయటి దేశాల వాళ్ళు వచ్చి ఊరు పాడైపోయిందని, వాళ్ళని వెనక్కి పంపాలని.

"ఇవి ఇక్కడ వద్దు," అన్నాను.

"మీ గురించి కాదండీ. మీరు ఉద్యోగం చేస్తారు, చర్చికొస్తారు."

"ఆ సంగతి ఇందులో రాయలేదు కదా."

ఆయన నవ్వాడు. నేను పెద్దావిడ వైపు చూశాను. ఆవిడ కళ్ళు దించుకుని, "సాయంత్రం దాకా ఓపిక పట్టలేవా? ఆయన లేకపోతే సంతకాలు చాలవు," అంది మెల్లగా.

ఆయన మాటకంటే ఆవిడ మాటే నన్ను ఎక్కువ కోసింది. కోటు వేసుకుని వచ్చేశాను. ఇంట్లో మా ఆయన నా మొహం చూసి టీ పెట్టాడు.

మర్నాడు చర్చి అయ్యాక ఆవిడ మా తలుపు కొట్టింది. గుమ్మంలోనే నిలబడి, "ఆ కాగితాలు తీసేయమన్నాను. తీయనన్నాడు. సగం మంది ఆయనతో వెళ్ళిపోయారు," అంది. "నిన్న నీ ముందే అనాల్సిన మాట అది." లోపలికి రమ్మన్నాను.

చివరికి సంతకాలు చాలలేదు. ఇక మిగిలిన దారి నగర మండలి సమావేశమే. అక్కడ ఊళ్ళో నివాసముండే ఎవరైనా ప్రశ్న అడగొచ్చు, పౌరసత్వంతో పనిలేదు. ఆ సమావేశంలో నేను లేచాను. వద్దన్న మా ఆయనే పక్కన కూర్చున్నాడు. "ఆదివారం డ్యూటీ వద్దనే స్వేచ్ఛ కౌంటర్లో కూర్చునే మనిషికి నిజంగా ఉంటుందా?" అని అడిగాను. వెనక వరసల్లోంచి గట్టిగా చప్పట్లు. తిరిగి చూస్తే ఆ వడ్రంగి.

దుకాణాలు తెరిచే ప్రతిపాదనే నెగ్గింది. బయటికొస్తుంటే ఆయన ఎదురొచ్చి, "బాగా అడిగారు," అని చెయ్యి చాపాడు. నా చేతులు జేబుల్లోంచి రాలేదు. మా ఆయన ఆ చెయ్యి అందుకుని వదిలేశాడు.

ట్రామ్‌లో పక్కపక్కనే కూర్చున్నాం.

"ఎదురుగా వచ్చి చెయ్యి చాపితే ఏం చెయ్యమంటావ్?" అన్నాడు మా ఆయన.

"నేనేమీ అనలేదండీ."

"అనవు. లోపల పెట్టుకుంటావు. అదే నా భయం."