వరండాకి పింక్‌హామ్ గారి అభ్యంతరం

మా ఊరి భవనాల ఇన్‌స్పెక్టరు ఎల్స్‌వర్త్ పింక్‌హామ్ గారికి అభ్యంతరం లేని వస్తువు ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదు. మనిషి మంచివాడే. నవ్వుతూ వస్తాడు, టోపీ తీస్తాడు, "అంతా బ్రహ్మాండంగా ఉంది" అంటాడు. అక్కడితో ఆగితే ఎంత బాగుండును! "ఒక్కటే చిన్న అభ్యంతరం..." అంటూ జేబులోంచి టేపు లాగుతాడు. అంతే, మీ ఏడాది అయిపోయినట్టే.

మా మేనకోడలి పెళ్లిలో పాస్టరు గారు, "ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి" అన్నారు. పింక్‌హామ్ ఉన్న గదిలో అనాల్సిన మాటేనా అది? వెనక వరసలోంచి చెయ్యి లేచింది. మా అక్క గుండె పట్టుకుంది. పెళ్లికొడుకు ముఖం మాత్రం, ఎందుకో, కాస్త తేలికపడినట్టు కనిపించింది.

"పెళ్లికి కాదండీ, చర్చి మెట్లకి" అన్నాడు పింక్‌హామ్. "ఒకటి మిగతావాటికంటే ఎత్తుగా ఉంది. ఆ గౌనుతో దిగితే పిల్ల బోర్లా పడుతుంది." చివరికి తనే వెళ్లి చెయ్యి పట్టుకుని దింపాడు. పెళ్లి ఫొటోల్లో వధువు పక్కన ఎవరున్నారో మీరే ఊహించుకోండి.

అలాంటి మహానుభావుడి చేతికి మేం చిక్కాం. మాది ముత్తాతల కాలంనాటి ఇల్లు. ఒక వసంతంలో, మంచు కరుగుతుండగా, ఎవరూ ముట్టుకోకుండానే వెనక వరండా దానంతటదే కూలిపోయింది. తలుపు తీస్తే నేరుగా గాలి. మా ఆవిడ నోరీన్ బట్టల బుట్టతో అలవాటు కొద్దీ బయటికి అడుగు వేసి, కాలు బెణికించుకుంది.

"నేల గడ్డకట్టేలోపు వరండా లేచిందా సరే. లేకపోతే చలికాలమంతా మా చెల్లెలి ఇంట్లో ఉంటా" అంది, కాలికి ఐసు పెట్టుకుంటూ. నోరీన్ బెదిరింపులు ఊరికే పోవు.

వంటింటి బల్ల మీద స్కేలు పెట్టి ప్లాను గీశాను. నా కంటికి అది రాజభవనం. పింక్‌హామ్ దాన్ని చాలాసేపు చూశాడు.

"బ్రహ్మాండం వెస్ బాబూ! ఒక్కటే చిన్న అభ్యంతరం. దీన్ని ఇంటి గోడకి తగిలిస్తున్నావు."

"మా వరండా మా ఇంటికి కాక చర్చికి తగిలించమంటారా?"

ఆయన తలుపు కింది కర్రలోకి స్క్రూడ్రైవరు గుచ్చాడు. కేకులోకి దిగినట్టు పిడిదాకా దిగింది. "ఇది తనను తానే మోసుకోలేక చస్తోంది. నీ వరండాని కూడా చంకనెత్తుకోమంటావా? దాని కాళ్ల మీద దాన్ని నిలబెట్టు."

మళ్లీ గీశాను. ఈసారి స్తంభాల గుంతలకి లోతు చాలలేదు. చలికాలంలో నేల అంతకంటే లోతుగా గడ్డకట్టి స్తంభాలని పళ్లు పీకినట్టు పైకి తోసేస్తుందట. మళ్లీ గీశాను. రెయిలింగు కమ్మీల మధ్య సందు ఎక్కువైంది.

"పసిపిల్ల తల దూరుతుంది" అన్నాడు.

"మాకు పిల్లల్లేరు కదండీ!"

"తలకాయలున్నవాళ్లు ఎవరూ రారా మీ ఇంటికి?"

"ఈయన స్నేహితులెవరికీ లేవులెండి" అంది నోరీన్.

ఎండాకాలం ఇలా హాయిగా గడిచిపోయింది. ఆకులు ఎర్రబడే వేళకి ప్లానులో తప్పు మిగల్లేదు. పింక్‌హామ్ దాన్ని తిప్పి చూశాడు, వెలుతురుకి పట్టి చూశాడు. పాపం, ఏమీ దొరకలేదు. అప్పుడు ఆయన చూపు కంచె దాటి పక్కింటి మీద పడింది.

"ఒక్కటే చిన్న సంగతి. పాత ఇల్లు కదా, పక్కింటాయన స్వయంగా వచ్చి, ఇక్కడ నిలబడి, అభ్యంతరం లేదని నాతో చెప్పాలి. రూలు."

పక్కింటాయన అంటే లైల్ గ్రిండిల్, పడవలు కట్టి రిటైరైనవాడు. అంతకుముందు చలికాలంలోనే భార్య ఆర్లీన్ పోయింది. వీధివీధంతా తలా ఒక వంటకం గుమ్మంలో పెట్టేసి, పెద్ద ధర్మం చేసినట్టు చేతులు దులుపుకున్నాం. మా వాటా మాకరోనీ. అప్పట్నుంచి ఆ ఇంటి కర్టెన్లు తెరుచుకోలేదు.

వెళ్లి తలుపు కొట్టాను. "కట్టుకో పో! నన్నెందుకు చంపుతావు?" అని లోపల్నుంచే కేక.

"తలుపు వెనకనుంచి చెబితే చెల్లదు" అన్నాడు పింక్‌హామ్.

చివరికి నోరీన్ బ్లూబెర్రీ కేకు పట్టుకుని, ఎప్పుడో నయమైన కాలితో కుంటుకుంటూ వెళ్లింది. కుంటేవాళ్ల మొహాన తలుపెలా వేస్తాడు? గడ్డంతో, ఇంటి చెప్పులతో, ఎండకి కళ్లు చికిలిస్తూ లైల్ మా పెరట్లోకి వచ్చాడు.

"ఏమయ్యా లైల్, ఏమైనా అభ్యంతరమా?"

లైల్ నేను కట్టిన కొలత దారం వైపు చూశాడు. "ఇది ఎవడు కట్టాడు?"

"నేనే" అన్నాను గర్వంగా.

"తాగి కట్టావా?"

పింక్‌హామ్ ముఖం దీపంలా వెలిగింది. "అయితే నీకు అభ్యంతరం ఉన్నట్టే! అయినా సరే, పర్మిషన్ ఇచ్చేస్తున్నా. కానీ పని అయ్యేదాకా నువ్వు రోజూ వచ్చి చూసుకోవాలి. అదీ రూలే."

రోజూ వచ్చాడు. మొదట నన్ను తిట్టాడు. తర్వాత నా చేతిలో పార లాక్కుని, తవ్వుతూ తిట్టాడు. తర్వాత మా వంటింట్లో కూర్చుని నోరీన్ సూపులో ఉప్పు లేదని తిట్టాడు. ఒకరోజు గడ్డం గీసుకుని వచ్చి తిట్టాడు. మొదటి మంచు పడేలోపు వరండా లేచింది. నోరీన్ చెల్లెలు ఊపిరి పీల్చుకుంది.

ఆ వారంలోనే టౌన్ ఆఫీసులో గుమాస్తా బెర్నడెట్‌తో అన్నాను, "మీ పక్కింటి రూలు మా ప్రాణం తీసిందమ్మా!"

"ఏ పక్కింటి రూలు?" అంది. చెప్పాను. పడీపడీ నవ్వింది. "అలాంటిదేం లేదు వెస్! ఫాగ్ వాళ్లు పెరట్లో చెక్క అరుగు కట్టుకుంటే, తండ్రి పోయినప్పట్నుంచీ అన్నతో మాటల్లేని తమ్ముడే దూలం రెండో కొస పట్టుకోవాలన్నాడు పింక్‌హామ్. అదీ రూలేనట!"

నిలదీద్దామని బయల్దేరాను. పింక్‌హామ్ ఎవరిదో వరండా కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"అలాంటి రూలే లేదట కదండీ!"

బూట్లు కదలడం ఆగిపోయింది. "బెర్నడెట్ చెప్పిందా? బంగారంలాంటి మనిషి. ఆవిడ నోటితోనే నాకు ఒక చిన్న అభ్యంతరం."

"నాతో ముందే చెబితే లైల్‌ని పిలిచేవాణ్ణి కదా?"

"నువ్వు మాకరోనీ పంపించేవాడివి" అన్నాయి బూట్లు. "ఆ టార్చి ఇటు అందుకో."

మళ్లీ వసంతంలో, ఎదురింట్లోకి కొత్తగా వచ్చిన కుర్ర దంపతులు మా వరండా దగ్గరికొచ్చారు. "పాత మెట్లు తీసి కొత్తవి కట్టుకుంటామంటే, వీధి చివర ఒంటరిగా ఉండే మిసెస్ హ్యూమ్ వచ్చి వాటి మీద కూర్చుని టీ తాగితేగానీ కుదరదట. ఇదేం రూలండీ, నిజమేనా?" అని నన్నడిగారు.

నేను నోరు తెరిచేలోపే, పక్క కుర్చీలో ఉన్న లైల్ పేపరు మీంచి తలెత్తకుండా అన్నాడు:

"నిజమే. టీలోకి బిస్కెట్లు కూడా ఉండాలి. ఆ విషయంలో చాలా కఠినంగా ఉంటారు."